డాబాగార్డెన్స్ సందులో చేయించుకున్న 12 వోల్ట్ బ్యాటరీ బాక్స్, ఆరు నెలలు వాడాక

ఆర్సీ (రిమోట్‌తో నడిచే) కార్లు, బోట్లు నడిపేవాళ్లు వైజాగ్‌లో నాకు తెలిసే ఏడెనిమిది మంది ఉన్నారు, వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని, డాబాగార్డెన్స్‌లో ఓ చిన్న షాపులో చేయించుకున్న బ్యాటరీ బాక్స్ గురించి రాస్తున్నా. మనం డబ్బులు పెట్టేది ముందు కారు మీద, తర్వాత మోటర్ మీద, ఆ తర్వాత ఓ మంచి చార్జర్ మీద. ఆ చార్జర్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఎవరికీ పట్టదు, ఇంట్లో ఏ పాత అడాప్టర్ ఉంటే అది గుచ్చేస్తాం. నా మాట వింటే ముందు అక్కడే ఖర్చు పెట్టండి. చార్జర్ మామూలుదైనా పర్లేదు, దానికి వెనకాల ఉన్న సప్లై గట్టిగా ఉండాలి.

మా మేనల్లుడిది పదో వంతు సైజు బగ్గీ. మొదట 2ఎస్ (అంటే రెండు సెల్స్ వరసగా కలిపింది) 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడేవాళ్లం, చార్జర్ బీ6 టైపుది (ఆర్సీ వాళ్లు మామూలుగా వాడే రకం), 80 వాట్లు, దానికి ఆన్‌లైన్‌లో కొన్న 12 వోల్ట్ 5 ఆంప్స్ అడాప్టర్. ఏడాది పాటు ఏ గొడవా లేదు. తర్వాత వాడికి స్పీడ్ కావాలని 3ఎస్ (మూడు సెల్స్) ప్యాక్‌లు రెండు కొన్నాం, అంతే, చార్జ్ పెట్టి పావుగంట కాకముందే బీప్ బీప్ అంటూ ఇన్‌పుట్ వోల్టేజ్ ఎర్రర్ చూపించి ఆగిపోవడం మొదలైంది. "మావయ్యా, చార్జర్ పోయింది, కొత్తది కొందాం" అని వాడు ఒకటే గోల. లెక్క వేసి చూస్తే చార్జర్ తప్పేం లేదు. 2ఎస్ ఫుల్ అయ్యేది 8.4 వోల్ట్ దగ్గర, 5 ఆంప్స్‌తో ఎక్కిస్తే 42 వాట్లు, చార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే అడాప్టర్ నుంచి లాగేది నాలుగు ఆంప్స్ చిల్లర, సరిపోయింది. 3ఎస్ ఫుల్ అయ్యేది 12.6 దగ్గర, అదే 5 ఆంప్స్‌కి 63 వాట్లు, అంటే అడాప్టర్ ఆరు ఆంప్స్ పైనే ఇవ్వాలి. 5 ఆంప్స్‌ది ఆరెక్కడ ఇస్తుంది, మీటర్ పెట్టి చూస్తే లోడ్ మీద పదిన్నర వోల్ట్‌కి పడిపోతోంది, ఈ టైపు చార్జర్లు ఇన్‌పుట్ 11 కన్నా తగ్గితే పని ఆపేస్తాయి. పైగా ఆ అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడి. దాన్ని ఆ రోజే తీసి పక్కన పెట్టేశా.

ఈ షాపుకి మొదటిసారి వెళ్లింది మాత్రం దీని కోసం కాదు. మే నెలలో పాత 2ఎస్ ప్యాక్ ఒకటి ఫుల్ చార్జ్‌తో కారు డిక్కీలో రెండు వారాలు ఉండిపోయింది, తీసి చూస్తే పూరీలా ఉబ్బిపోయి ఉంది. ఎవరైనా బాగు చేస్తారేమో అని అడుగుతూ అడుగుతూ డాబాగార్డెన్స్‌లో ఓ సందులోకి వెళ్తే అక్కడ పది అడుగుల గదిలో ఒకాయన ఈ-బైక్ బ్యాటరీలు విప్పుకుని కూర్చున్నాడు. ప్యాక్ చేతికి కూడా తీసుకోలేదు, బల్ల మీద పెట్టించి బ్యాలెన్స్ వైర్‌కి (ఒక్కో సెల్‌ని విడిగా కొలవడానికి ఉండే సన్న వైర్లు) మీటర్ పెట్టాడు, ఒక సెల్ 4.05, రెండోది 3.42. "ఏటి సార్, దీన్ని మళ్లీ చార్జ్ చెయ్యమంటారా? నేను చెయ్యను. మీరూ చెయ్యకండి." అంతే చెప్పాడు. మోటర్‌సైకిల్ ఇండికేటర్‌ది 12 వోల్ట్ 21 వాట్ల బల్బు ఒకటి వైర్లకి తగిలించి, బయట అరుగు మీద ఇసుక పోసిన మట్టి మూకుడులో ప్యాక్ పెట్టి మూణ్ణాలుగు గంటలు వెలగనిచ్చి పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇమ్మన్నాడు. ఉప్పు నీళ్ల బకెట్‌లో పడేస్తే చాలంటారు కదా అని అడిగా. ఉప్పు నీళ్లు బయటి ట్యాబుల్ని (సెల్ నుంచి బయటికొచ్చే రేకుల్ని) ముందు తినేస్తాయి, అప్పుడు లోపల చార్జ్ లోపలే ఉండిపోవచ్చు, చచ్చిందనుకుని పారేస్తాం, అదే ప్రమాదం అన్నాడు. డబ్బులు ఇస్తానన్నా తీసుకోలేదు. ఎంతో కొంత తీసుకుని చార్జ్ ఎక్కించి ఇచ్చేసే షాపులు చూశాను కాబట్టి, ఈయన దగ్గరే పని చేయించుకోవాలని అక్కడే అనేసుకున్నా.

ఇంట్లోకి ఆయన పెట్టించింది మీన్‌వెల్ ఎల్ఆర్‌ఎస్-150-12, ఎల్‌ఈడీ బోర్డుల వాళ్లు వాడే జాలీ డబ్బా ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్ట్‌కి మార్చే సప్లై), 12 వోల్ట్ 12.5 ఆంప్స్. దీని పక్కన చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది, 115కా 230కా అని. మన కరెంటుకి 115లో ఉండిపోతే ఆన్ చేసిన క్షణమే పోతుంది. ఆయన డబ్బా విప్పగానే ముందు అదే చూశాడు, 230కి ఉందని నాకూ చూపించి పైన టేప్ వేసేశాడు. స్క్రూ టెర్మినళ్లు బయటికే ఉంటాయి, ఇంట్లో పిల్లలున్నారని తెలిసి దానికో అక్రిలిక్ మూత కోసి బిగించాడు, ఎర్త్ వైర్ వేసిన మూడు పిన్నుల ప్లగ్ పెట్టాడు, అడ్జస్ట్ స్క్రూ తిప్పి 13 వోల్ట్‌కి పెట్టాడు, వైర్‌లో కొంచెం పడినా చార్జర్‌కి 12కి తగ్గకుండా. ఇప్పుడు 3ఎస్ ప్యాక్ 5 ఆంప్స్‌తో గంటా పది నిమిషాల్లో ఫుల్, డబ్బా గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

అసలు విషయం బయటికి తీసుకెళ్లే బాక్స్. మేం నడిపేది మధురవాడ అవతల ఓ ఖాళీ లేఅవుట్‌లో, ఆదివారం పొద్దున్నే, అక్కడ కరెంటు లేదు. (విమానాలు ఎందుకు ఎగరెయ్యవు అని కొందరు అడుగుతారు, ఊళ్లోనే నేవీ వాళ్ల ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగా ఉంది, ఈ ఊళ్లో అనుమతి లేకుండా గాల్లోకి ఏదీ లేపకూడదు, నేల మీదే హాయి.) నేను యూపీఎస్‌లో వాడే 12 వోల్ట్ 7 ఏహెచ్ (ఆంప్ అవర్స్) లెడ్ బ్యాటరీ చాలనుకున్నా. ఆయన వద్దన్నాడు. కాగితం మీద 84 వాట్ అవర్స్, కానీ ఆ 7 ఏహెచ్ అన్నది ఇరవై గంటల్లో నెమ్మదిగా లాగితే వచ్చే లెక్క, ఆరు ఆంప్స్ లాగితే చాలా తక్కువ వస్తుంది, పైగా లెడ్ బ్యాటరీని అడుగంటా వాడితే నెలల్లో చచ్చిపోతుంది, ఒక్క ప్యాక్ నింపడానికే అది ఆయాసపడుతుంది అన్నాడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చేద్దాం అన్నాడు. 32700 సైజు సెల్స్ 16, ఒక్కోటి 3.2 వోల్ట్ 6 ఏహెచ్, నాలుగేసి కలిపి నాలుగు వరసలు, మొత్తం 12.8 వోల్ట్ 24 ఏహెచ్, ఓ 300 వాట్ అవర్స్. మా 3ఎస్ ప్యాక్ ఎప్పుడూ ఇరవై శాతం ఉండగానే ఆపేస్తాం, కాబట్టి ఒకసారి నింపడానికి చార్జర్ వేస్టేజ్ కూడా కలుపుకుని 50 చిల్లర వాట్ అవర్స్ పడుతుంది, అంటే ఐదు సార్లు నింపొచ్చు. మేం పొద్దున్న ఆరు నుంచి పది దాకా ఉంటే మూడు సార్లు నింపుతాం, ఒక ప్యాక్ పరిగెడుతుంటే ఇంకోటి ఎక్కుతుంటుంది. బాక్స్ మొత్తం మూడు కిలోలు, మా మేనల్లుడు ఒంటి చేత్తో మోసేస్తాడు.

ఆయన పని దగ్గర కూర్చుని చూశా కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా. బాక్స్‌కి పెట్టే పసుపు ఎక్స్‌టీ60 కనెక్టర్ సోల్డర్ చేసేటప్పుడు మనలాంటివాళ్లం చేసే తప్పు, కనెక్టర్‌ని ఒంటరిగా పట్టుకుని కాల్చడం, వేడికి పసుపు ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను వంకరపోతుంది, తర్వాత సరిగ్గా గుచ్చుకోదు. ఆయన ముందు ఆడ కనెక్టర్‌లో మగ కనెక్టర్‌ని గుచ్చి జతగా వైస్‌లో బిగించాడు, అప్పుడు పిన్ను కదలదు, వేడి కూడా రెండో దాంట్లోకి పోతుంది. 12 గేజ్ సిలికాన్ వైర్ కొస ఒలిచి, ఫ్లక్స్ రాసి, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కింద నుంచి కాలుస్తూ పైనుంచి సోల్డర్ లెడ్ అందించాడు, వైర్ దాన్ని దీపం ఒత్తి నూనె పీల్చుకున్నట్టు పీల్చుకుంది. తర్వాత పిన్ను గిన్నెలో కూడా సగం లెడ్ నింపి, రెండూ కలిపి కరిగించి, ఐరన్ తీసేశాక పది లెక్కపెట్టే దాకా చెయ్యి కదపలేదు. చల్లారాక పట్టకారుతో గట్టిగా లాగి చూశాడు. రెండోది మెరుపు లేకుండా మబ్బుగా వచ్చిందని తీసేసి మళ్లీ చేశాడు, నేను పర్లేదన్నా వినలేదు. హీట్‌ష్రింక్ వేసి, ప్లస్ వైర్‌కి బ్యాటరీ నుంచి బెత్తెడు దూరంలోనే ఫ్యూజ్ హోల్డర్ పెట్టాడు, అందులో కార్లలో వేసే నీలం రంగు 15 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజ్. చార్జర్ ఎంత లాగినా ఎనిమిది దాటదు, వైర్ ఎక్కడైనా నలిగి షార్ట్ అయితే ఈ ఫ్యూజే కాపాడేది, పోతే ఏ స్కూటర్ స్పేర్ల షాపులో అయినా దొరుకుతుంది. లోపల 30 ఆంప్స్ బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్ బోర్డు) ఉంది, అయినా ఫ్యూజ్ విడిగా ఉండాల్సిందే అన్నాడు, నాకూ అదే నచ్చింది.

ఇంకోటి, మా ఇల్లు ఎంవీపీ కాలనీ, బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు, ఈ ఉప్పు గాలికి ఇంట్లో రాగి అన్నది పచ్చబడకుండా ఉండదు. ఇంతకుముందు నేను చేసుకున్న వైర్ల లగ్గులన్నీ (కొసలకి బిగించే రాగి బిళ్లలు) ఏడాదికే పచ్చటి పొడి పట్టాయి, చార్జింగ్ మధ్యలో వోల్టేజ్ ఊగేది. ఈయన వేసినవన్నీ కళాయి పూసిన లగ్గులు, మీద పల్చగా గ్రీజు. ఆరు నెలలయ్యింది, వర్షాకాలం కూడా దాటింది, మొన్న మూత విప్పి చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. నాలుగు వరసల వోల్టేజ్‌లు కూడా కొలిచా, 3.31, 3.31, 3.32, 3.31, తేడా లేదు.

కరెంటు పోయినప్పుడు ఇంట్లో రౌటర్ దీనికే తగిలిస్తున్నాం, అది లాగేది ఒక ఆంప్, రాత్రంతా వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లకి ఇలాంటి ఓ బాక్స్ ఇంట్లో ఉంటే ఎంత ధైర్యమో నేను చెప్పక్కర్లేదు, మా అమ్మ అయితే కారు కోసం కాదు దీని కోసమే మెచ్చుకుంది.

ఇక బాగోలేనివి. నాలుగు రోజుల్లో ఇస్తానని పదకొండు రోజులు చేశాడు, రెండుసార్లు ఊరికే తిరిగొచ్చాను. అందులో రెండ్రోజులు న్యాయమే, సెల్స్ అన్నీ కలిపి 3.65 వోల్ట్ దాకా ఎక్కించి సమానం చేశాకే వరసలు కట్టాలి, తొందరపడితే తర్వాత బాధపడేది మనమే. మిగతా రోజులకి మాత్రం ఫోన్ చేసి ఒక మాట చెప్పి ఉండాల్సింది. బాక్స్ మీద ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అని రాయలేదు, రెండూ ఒకే పసుపు కనెక్టర్, ఇది చిన్న విషయం కాదు, నేను ఇంటికొచ్చి ఎర్ర పెయింట్‌తో గుర్తు పెట్టుకున్నా. బ్యాటరీ తగ్గితే చెప్పే బజర్ లేదు, బీఎంఎస్ కట్ అయ్యే దాకా తెలీదు, ఐరన్ ఫాస్ఫేట్ వోల్టేజ్ చివరి దాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి వోల్ట్‌మీటర్ చూసి ఎంత మిగిలిందో అంచనా వెయ్యలేం. నేను ఎన్నిసార్లు నింపామో మూత మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటున్నా. చేతిరాత బిల్లు ఇస్తాడు, మూడు నెలల గ్యారంటీ అని దాని మీదే రాసిచ్చాడు.

బాక్స్‌కి సెల్స్, బీఎంఎస్, డబ్బా, కూలీ అన్నీ కలిపి 6,400 అయ్యింది, దాన్ని ఎక్కించే 14.6 వోల్ట్ 5 ఆంప్స్ చార్జర్ విడిగా కొన్నా, రాత్రి పెడితే తెల్లారేసరికి ఫుల్. కొత్త పెద్ద చార్జర్ కొందామని మావాడు గొడవ చేసినప్పుడు దానికి అనుకున్న డబ్బులకి ఇంకొంచెం కలిపితే ఈ పని అయిపోయింది, పాత చార్జర్ ఇప్పటికీ అదే. బ్యాటరీల విషయంలో మాకు కొత్తగా వచ్చిన అలవాటు ఒకటే, పదింటికి ఆట ఆపాక మిగిలిన ప్యాక్‌లన్నీ అక్కడే బాక్స్ మీద స్టోరేజ్ మోడ్‌లో (దాచిపెట్టడానికి సగం చార్జ్‌లో ఉంచే పద్ధతి) పెట్టి సెల్‌కి 3.8 వోల్ట్‌కి తెచ్చాకే బయల్దేరుతున్నాం, డిక్కీలో ఫుల్ ప్యాక్ మళ్లీ పడి ఉండకూడదని.

వెళ్లాలనుకునేవాళ్లు సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా మూసేస్తాడు. మీ చార్జర్, మీరు వాడే పెద్ద ప్యాక్ రెండూ పట్టుకెళ్లండి, ఆయన మీ ముందే చార్జ్ పెట్టి ఎన్ని ఆంప్స్ లాగుతుందో క్లాంప్ మీటర్‌తో చూసి, ఆ లెక్కనే ఫ్యూజ్, వైర్ చెప్తాడు. బజర్, లేబుళ్లు కావాలని ముందే చెప్పండి, అడిగితే పెడతాడు, నా ఫ్రెండ్ బోట్‌కి చేయించుకున్న దాంట్లో రెండూ ఉన్నాయి.