కాటేదాన్‌లో కొన్న జంబో బ్యాగులు: గ్రాన్యూల్స్‌కి భేష్, ఫ్లేక్స్‌కి లైనర్ తప్పనిసరి

మాది పాత ప్లాస్టిక్‌ని కడిగి గ్రాన్యూల్స్ (చిన్న గుళికలు) చేసి అమ్మే చిన్న యూనిట్. టన్ను బరువు మోసే జంబో బ్యాగులు ఈసారి హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక షాపులో తీసుకున్నాం. షాపాయన ముందు రేటు చెప్పలేదు. సరుకేంటి, ఎండలో పెడతారా, సంచి మళ్లీ వాడతారా అని అడిగారు. అది నాకు చాలా నచ్చింది. ఒక్కసారి వాడే సంచికి 5:1 సేఫ్టీ ఫ్యాక్టర్ (అంటే రాసిన బరువుకి ఐదు రెట్లు తట్టుకోవడం) చాలు, తిరిగి వాడేదైతే 6:1 ఉండాలి. లేబుల్ మీద ఆ అంకె లేకపోతే కొనకండి. ఫోర్క్‌లిఫ్ట్ చుట్టూ తిరిగేది మన మనుషులే కదా!

హెచ్‌డీపీఈ (డబ్బాలు, డ్రమ్ములు చేసే ప్లాస్టిక్) గ్రాన్యూల్స్‌కి బాగా సరిపోయాయి. అడుగున స్పౌట్ (సరుకు దిగే మూతి) తాడు విప్పితే సరుకు నేరుగా మెషీన్ హాపర్‌లోకి (గరాటులోకి) దిగుతుంది. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫ్లేక్స్‌కి, అంటే తరిగిన ముక్కలకి, మాత్రం లైనర్ (లోపలి ప్లాస్టిక్ కవర్) వేయాల్సిందే. పెట్ తేమ పీలుస్తుంది, ఆ తేమతోనే కరిగిస్తే బలం పోతుంది. వానాకాలంలో మరీ టెన్షన్. పైగా ఫ్లేక్స్ తేలిక, అదే సంచిలో టన్ను పట్టదు, ఎత్తు ఎక్కువున్నది అడగండి.

కుట్లు గట్టిగా ఉన్నాయి. లోటల్లా ఒకటే: లైనర్ సంచికి అతికి ఉండదు, ఖాళీ చేసేటప్పుడు జారి స్పౌట్‌లోకి వస్తోంది. కుట్టిన లైనరే కావాలని కొత్త ఆర్డర్‌లో రాయించాను.