పీఎస్5లో చోటు చాలడం లేదా? డ్రైవ్ కొనే ముందు ఇది చదవండి

నాది మొదట్లో వచ్చిన మోడల్ పీఎస్5, అంటే సోనీ గేమింగ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5. పేరుకు 825 జీబీ. సిస్టమ్ వాటా పోగా ఆటలకు మిగిలేది సుమారు 667 జీబీ. తర్వాత వచ్చిన స్లిమ్‌ని 1 టీబీ అంటారు గానీ, అందులోనూ చేతికొచ్చేది 848 జీబీ దాకానే. ఒక్కరే ఆడుకునే ఇంట్లో ఇది చాలేమో. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ముగ్గురం, అకౌంట్లూ మూడు. మా బాబాయి కొడుక్కి ఫుట్‌బాల్ పిచ్చి, కడప నుంచి వచ్చిన ఫ్రెండ్‌కి కాల్ ఆఫ్ డ్యూటీ, నాకు రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి పెద్ద కథల ఆటలు. చివరి రెండూ ఒక్కోటి వంద జీబీ దాటేవే. శుక్రవారం రాత్రి అయ్యిందంటే హాల్లోంచి అదే కేక: "అన్నా, స్పేస్ లేదంట. నీ గుర్రాల గేమ్ తీసేయనా?"

"ఆటను డౌన్‌లోడ్ చేయకుండా డిస్క్‌గా కొనుక్కుంటే చోటు పట్టదు కదా" అని చాలామంది అడుగుతుంటారు. పడుతుంది. పీఎస్5 ఆట మొత్తం కన్సోల్ లోపల ఉండే వేగమైన స్టోరేజ్, అంటే ఎస్ఎస్‌డీలోకి కాపీ అయ్యాకే నడుస్తుంది. డిస్క్‌ వల్ల ఒరిగేది రెండే: కొంత డౌన్‌లోడ్ మిగులుతుంది, ఆడటం అయిపోయాక అమ్ముకోవచ్చు.

చోటు కోసం మేం ముందు చేసింది ఏమీ కొనకుండా తీసేయడమే. ఆటను డిలీట్ చేస్తే సేవ్ ఫైళ్లు పోవు, అవి విడిగా కన్సోల్‌లోనే ఉంటాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఎక్కడ ఆపామో అక్కడి నుంచే మొదలు. ఇది మా బాబాయి కొడుక్కి నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది. బెంగళూరులో ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకు తిరిగి దించుకోవడం పెద్ద పనేం కాదు. 300 ఎంబీపీఎస్ పూర్తిగా అందితే వంద జీబీ ఆట ముప్పావుగంటలో వచ్చేస్తుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే రెండు గంటలు దాటుతుంది. మా ప్లాన్‌లో నెలకు 3,300 జీబీ పరిమితి ఉంది. ముగ్గురం వాడినా దాన్ని ఎప్పుడూ దాటలేదు. ఊళ్లో మొబైల్ డేటా మీద ఆడేవాళ్లకు మాత్రం ఈ సలహా పనికిరాదు.

సేవ్ ఫైళ్ల గురించి ఒకటి తెలిసి ఉండాలి. పీఎస్4 ఆటల సేవ్‌లను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లను అలా ఒక్కోటిగా తీసుకోవడం కుదరదు. సోనీకి డబ్బు కట్టి తీసుకునే పీఎస్ ప్లస్ సభ్యత్వం ఉంటే క్లౌడ్‌లోకి వెళ్తాయి. లేకపోతే కన్సోల్ మొత్తాన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయాలి. దాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు కన్సోల్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇంకోటి, యూజర్‌ను డిలీట్ చేస్తే ఆ యూజర్ సేవ్‌లన్నీ దాంతోపాటే పోతాయి. మా కడప ఫ్రెండ్ హైదరాబాద్ వెళ్లిపోయినప్పుడు, చోటు వస్తుందని మావాడు అతని యూజర్‌ను తీసేయబోయాడు. ఆపాను. సేవ్‌లు తినే చోటు ఎంతని! ఆటలు తీస్తేనే చోటు వచ్చేది.

తర్వాత యూఎస్‌బీ హార్డ్ డిస్క్. పాత పీఎస్4కి వాడిన 2 టీబీ డిస్క్ ఇంట్లోనే ఉంది, మళ్లీ ఫార్మాట్ చేయకుండానే పీఎస్5 గుర్తుపట్టింది. పీఎస్4 ఆటలు దాని మీద నేరుగా నడుస్తాయి, లోడింగ్ కాస్త నెమ్మది. పీఎస్5 ఆటలకు మాత్రం అది అటక లాంటిది: దాచుకోవచ్చు, ఆడాలంటే కిందికి దించాల్సిందే. దాచుకునే ఆ సౌకర్యం కూడా 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తోనే వచ్చింది. వంద జీబీ ఆటను హార్డ్ డిస్క్ నుంచి లోపలికి తెచ్చుకోవడానికి మాకు ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మంచి ఫైబర్ నెట్ కన్నా ఇదే త్వరగా అవుతుంది, నెట్ పోయిన రోజైతే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నా మోడల్‌లో ముందువైపు ఉన్న వెడల్పాటి పోర్టు దీనికి పనికిరాదు, అది పాత వేగానిది. వెనక పోర్టుల్లో పెడితే సరి. యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే ఒప్పుకోదు.

అసలు పరిష్కారం కన్సోల్ లోపలి స్లాట్‌లో బిగించే చిన్న డ్రైవ్, ఎం.2 ఎస్ఎస్‌డీ. స్లాట్ మొదటి నుంచీ కన్సోల్‌లో ఉన్నా, అందరికీ తెరిచింది 2021 సెప్టెంబరులో. అప్పట్లో 4 టీబీ వరకే, 2023లో 8 టీబీ దాకా పెంచారు. మేం 1 టీబీది కొన్నాం, ఎస్పీ రోడ్డులో. టౌన్‌హాల్ దగ్గరి సదర్ పత్రప్ప రోడ్డునే అందరూ అలా అంటారు. మొదట ఎక్కిన దుకాణంలో "పీఎస్5కేగా సార్, ఇది సూపర్‌గా నడుస్తుంది" అంటూ జెన్3 (పాత తరం, నెమ్మది) డ్రైవ్ చేతిలో పెట్టారు. నడవదు. దాని తర్వాతి వేగమైన తరం, పీసీఐఈ జెన్4 అయి తీరాలి, సోనీ సూచించే రీడ్ స్పీడ్ సెకనుకు 5,500 ఎంబీ. దానికితోడు వేడిని లాగేసే లోహపు పలక, అంటే హీట్‌సింక్ తప్పనిసరి. అది కూడా ఏదిపడితే అది కాదు, డ్రైవ్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. కంప్యూటర్ల కోసం అమ్మే ఎత్తయిన హీట్‌సింకులు ఇందులో పట్టవు. వంద రెండొందలు తగ్గిస్తామని బిల్లు లేకుండా ఇవ్వబోతారు, ఒప్పుకోవద్దు. వారంటీకి రేపు అడిగేది ఆ బిల్లే.

బిగించడం ఇంట్లోనే చేశాం. రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆఫ్ చేసి, వైర్ పీకేసి, తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పడుకోబెట్టాం. పక్క కవర్ లాగితే చిన్న మూత, దానికి ఒకటే స్క్రూ. అది తీస్తే లోపల వరసగా కన్నాలు, పక్కనే 30, 42, 60, 80, 110 అని అంకెలు. మార్కెట్‌లో ఎక్కువగా దొరికే సైజు 2280 (80 మిల్లీమీటర్ల పొడవు) కాబట్టి, డ్రైవ్ కొన కింద ఉండే చిన్న రింగు, అంటే, స్పేసర్‌ను 80 దగ్గరికి మార్చాలి. ఆ స్పేసర్ వేలి కొనకు అంటుకుపోయేంత చిన్నది. తువ్వాలు పరిచింది దానికోసమే. డ్రైవ్‌ను ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, స్క్రూ బిగించడమే. ఆన్ చేయగానే ఫార్మాట్ చేయాలా అని అదే అడుగుతుంది. అయ్యాక రీడ్ స్పీడ్ ఎంతో చూపిస్తుంది. మాది 6,000 దాటింది. లోపలి ఎస్ఎస్‌డీకీ దీనికీ ఆడేటప్పుడు తేడా నాకైతే తెలియలేదు. బెంగళూరు ఎండాకాలంలో రాత్రంతా నడిచినా వేడెక్కిందన్న హెచ్చరిక ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయ్యే చోటు మార్చేశాం: పీఎస్5 ఆటలు ఎం.2కి, పీఎస్4 ఆటలు యూఎస్‌బీకి. ట్రోఫీ వచ్చినప్పుడల్లా దానంతటదే తీసే వీడియోలు కూడా ఆపేశాం. మావాడి గ్యాలరీ చూస్తే అవి కుప్పలు కుప్పలు, ఒక్కటీ తిరిగి చూసింది లేదు.

2 టీబీ ఎందుకు కొనలేదని అడుగుతారు. ఎంత చోటుంటే అంత నింపుతాం, ఆడేది మాత్రం ఆ నాలుగైదు ఆటలే. 1 టీబీ వచ్చాక శుక్రవారం గొడవలు దాదాపు ఆగిపోయాయి. ఇంట్లో నలుగురైదుగురు ఆడేవాళ్లుంటే, లేదా నెట్ సరిగ్గా లేకపోతే 2 టీబీ తీసుకోండి. పీఎస్4 ఆటలు లేనివాళ్లు కొత్తగా హార్డ్ డిస్క్ కొనడం దండగ, ఆ డబ్బు ఎం.2లోకే వేయండి. స్లిమ్ కొన్నవాళ్లు మాత్రం ముందు ఉన్న 848 జీబీ నింపి చూడండి. స్లాట్ అక్కడే ఉంటుంది, అంతగా కావాలంటే ఒక శనివారం ఎస్పీ రోడ్డు దాకా వెళ్లి తెచ్చుకోవచ్చు.