బాలాజీ కాలనీలో సోషియాలజీ ఆప్షనల్ తరగతి: ఒక సమీక్ష

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక కోచింగ్ కేంద్రం సివిల్స్ అభ్యర్థుల కోసం వారాంతాల్లో నడుపుతున్న సోషియాలజీ ఆప్షనల్ తరగతి గురించి ఈ సమీక్ష. ఆప్షనల్ అంటే సివిల్స్ మెయిన్స్‌లో అభ్యర్థి తానే ఎంచుకునే సబ్జెక్టు; రెండు పేపర్లు, 500 మార్కులు. అందుకే ఎక్కడ చేరాలన్న ప్రశ్న యూనివర్సిటీ హాస్టళ్లలో ఏటా వినిపిస్తూనే ఉంటుంది. పేపర్-1లోని సిద్ధాంతాల భాగం వరకు ఈ తరగతిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. భారతీయ సమాజానికి సంబంధించిన పేపర్-2 ఇక్కడ సాదాసీదాగానే సాగుతుంది కాబట్టి దానికి వేరే ఏర్పాటు చూసుకోవడం మంచిది.

ఇక్కడి అధ్యాపకులు ‘పేదరికం వల్ల పిల్లలు బడి మానేశారు’, ‘పట్టణాలు పెరగడం వల్ల ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి’ వంటి వాక్యాలను జవాబులుగా ఒప్పుకోరు. పేదరికానికీ బడి మానడానికీ నడుమ ఎవరు ఏమి కోరుకున్నారు, ఏమి నమ్మారు, వారి ముందు ఏయే దారులున్నాయి, విడివిడిగా తీసుకున్న ఆ నిర్ణయాలన్నీ కలిసి ఊరంతటి స్థితిగా ఎలా మారాయి అని నిలదీస్తారు. స్వీడన్ సామాజిక శాస్త్రవేత్త పీటర్ హెడ్‌స్ట్రామ్ 2005లో కోరికలు, నమ్మకాలు, అవకాశాలు అన్న మూడింటిని ఆధారం చేసుకుని వివరించిన పద్ధతి ఇది. దీనినే ఏడాది పొడవునా ప్రతి పాఠానికీ వర్తింపజేసే తరగతిని ఈ ఊళ్లో నేను మరొకటి చూడలేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ 1990లో ఇచ్చిన రేఖాచిత్రాన్ని బోధించే రోజు తప్పక హాజరు కావాలి. పైన ఎడమవైపు ప్రొటెస్టెంట్ మతబోధ, పైన కుడివైపు పెట్టుబడిదారీ వ్యవస్థ అని బోర్డు మీద రాసి, మొదటిది రెండోదాని ఎదుగుదలకు తోడ్పడిందన్న జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదం నేరుగా ఈ రెండింటినీ కలపదని అధ్యాపకులు మొదలుపెడతారు. మతబోధ నుంచి వ్యక్తి విలువలకు దిగడం, విలువల నుంచి వ్యక్తి ఆర్థిక ప్రవర్తనకు సాగడం, ఆ ప్రవర్తనల నుంచి మళ్లీ వ్యవస్థకు ఎక్కడం అన్న మూడు బాణాలను గీసి, చివరి బాణం దగ్గర చాలాసేపు ఆగుతారు. లక్షల మంది పొదుపు, శ్రమ కలిసి ఒక వ్యవస్థగా ఎలా ఏర్పడ్డాయన్నది వెబర్ తగినంతగా చూపలేదని కోల్‌మన్ చేసిన విమర్శ అక్కడికక్కడే అర్థమవుతుంది. గైడ్లలో ఈ విమర్శ ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది.

ఎంతమంది ముందుకొచ్చాక ఒక మనిషి తానూ కలుస్తాడన్న లెక్క మీద అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ప్రతిపాదించిన ప్రవేశ పరిమితుల (థ్రెషోల్డ్) నమూనాను గాంధీరోడ్డు దుకాణాల మీదుగా చెప్పిన తీరు మరీ బాగుంది. బంద్ పిలుపు ఉన్న రోజు 100 దుకాణాలున్నాయనుకుందాం. మొదటి యజమాని ఎవరితో నిమిత్తం లేకుండా షట్టరు దించుతాడు; రెండోవాడు ఒకరు మూశాక, మూడోవాడు ఇద్దరు మూశాక, అలా చివరివాడు 99 మంది మూశాక మూస్తాడు. బంద్ సంపూర్ణం అవుతుంది. ఇప్పుడు ఆ రెండో యజమాని స్థానంలో, ఇద్దరు మూస్తేగానీ మూయని మనిషిని పెడితే, మొదటి షట్టరు తప్ప మరొకటి దిగదు. రెండు రోజుల్లోనూ వ్యాపారుల అభిప్రాయాలు దాదాపు ఒకటే అయినా, ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. మరునాటి పత్రికలు మొదటిదాన్ని ప్రజాగ్రహమనీ రెండోదాన్ని ప్రజల తిరస్కారమనీ రాస్తే ఆ రెండూ ఎందుకు తొందరపాటు అవుతాయో ఈ లెక్క స్పష్టంగా చూపుతుంది.

నాకు అసంతృప్తి కలిగించినది తోతాపురి మామిడి ఉదాహరణ. 2025లో ధర పడిపోయి, చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు అందేలా చూస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బారు చూసిన రైతు రేపు కొనుగోలు ఆగిపోతుందేమోనని కాయ కోసేస్తే, ఆ లోడుతో బారు ఇంకా పెరిగి, వెనకవాడి భయానికి అదే ఆధారమవుతుంది. బ్యాంకు దివాలా తీస్తుందన్న పుకారు నిజంగానే బ్యాంకును ఎలా ముంచుతుందో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో వివరించిన ప్రక్రియ ఇదేనని తరగతిలో చెప్పారు. పోలిక బలమైనదే. అయితే పాఠం అక్కడే ఆగిపోయింది. కాయ పక్వానికి వస్తే ఎవరూ చెట్టు మీద ఉంచలేరు. పుకారు లేకపోయినా అదే బారు ఏర్పడవచ్చు. పుకారే కారణమైతే, తన కాయ కొంటారన్న హామీగా ముందే టోకెను చేతికందిన రైతు మిగతావారంత తొందరపడకూడదు. పక్వతే కారణమైతే టోకెను ఉన్నా లేకపోయినా తొందర ఒకేలా ఉండాలి. ఇలా పోటీ వివరణల మధ్య తేల్చుకునే పద్ధతి నేర్పకుండా వదిలేస్తే, విద్యార్థి నమ్మదగిన కథ అల్లడంతోనే తృప్తి పడతాడు. పైగా కొనేవారు కొద్దిమందీ అమ్మేవారు వేలమందీ అయిన మార్కెట్‌లో బేరమాడే శక్తి ఎవరి వైపు ఉందన్నది రైతు నమ్మకాల చర్చలో కనుమరుగు కాకూడదు. మా జిల్లా రైతుల కష్టాన్ని పాఠంగా తీసుకున్నప్పుడు ఆ భాగాన్ని దాటవేయడం నాకు బాధ కలిగించింది.

వసతుల సంగతికి వస్తే, హాలు శుభ్రంగా ఉంటుంది, వెనక బెంచీలకు మైకు సరిగా వినిపించదు. తెలుగు మాధ్యమం జిరాక్సు నోట్సులో కోల్‌మన్ చిత్రం మసకబారి, మూడో బాణం అసలు కనిపించడం లేదు. ఆ పాఠమంతా ఆ బాణం గురించే కాబట్టి దీన్ని నిర్వాహకులు వెంటనే సరిచేయాలి. రాసిన జవాబులను మాత్రం శ్రద్ధగా దిద్ది ఇస్తారు. ‘ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగింది?’ అని మార్జిన్‌లో రాసిన ఎర్ర సిరా ప్రశ్న నా పేపర్ల నిండా ఉంది. చేరదలచినవారిని రుసుము కట్టక ముందు ఒక ఆదివారం ఉచితంగా కూర్చోనిస్తారు. వీలైతే కోల్‌మన్ పాఠం ఎప్పుడో ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ రోజే వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.