పెళ్ళి చూపులా, ఈ నగరానికి ఏమైందా?

రెండూ తరుణ్ భాస్కర్ సినిమాలే, రెండింటికీ వివేక్ సాగర్ సంగీతమే. హైదరాబాదీల మధ్య కూర్చుంటే ఈ పంచాయితీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

కథ పరంగా నా ఓటు 2016లో వచ్చిన పెళ్ళి చూపులుకే. పెళ్ళిచూపులకొచ్చిన ఇద్దరూ ఒకే గదిలో ఇరుక్కుపోయి, టైమ్‌పాస్‌కి ఒకరి గతం ఒకరికి చెప్పుకుంటారు. తీరా చూస్తే అబ్బాయి వచ్చింది వేరే ఇంటికి! ఆ ఒక్క గదిలోనే సగం సినిమా మనసుకు పట్టేస్తుంది. ఫుడ్ ట్రక్ గొడవ, నాన్న తిట్లు, ఏ పనీ లేని స్నేహితులు, అన్నీ మన పక్కింట్లో జరిగినట్టే ఉంటాయి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

2018 నాటి ఈ నగరానికి ఏమైంది సంగతి వేరు. కథ అడిగితే పెద్దగా ఏం చెప్పలేం: నలుగురు ఫ్రెండ్స్, మందు, మత్తు దిగేసరికి గోవా, చేతిలో డబ్బుల్లేని టెన్షన్. లవ్ ట్రాక్ దగ్గర నాకైతే కాస్త బోర్ కొడుతుంది. కానీ అభినవ్ గోమఠం నోరు తెరిస్తే చాలు, అన్నీ మర్చిపోతాం. 2023లో రీరిలీజ్ చేస్తే కుర్రాళ్ళు డైలాగులన్నీ తెర కంటే ముందే చెప్పేశారు మరి.

అమ్మానాన్నలతో అయితే మొదటిది పెట్టండి. రెండోది మాత్రం గ్యాంగ్‌తోనే, ఒంటరిగా చూస్తే సగం మజా పోతుంది.