మానసిక జబ్బుకు సదరం సర్టిఫికెట్: తమ్ముణ్ణి తీసుకుని మూడుసార్లు తిరిగాక

ఐదుకి మూడు స్టార్లు. పింఛను ఇంటికే తెచ్చిస్తున్నందుకు ఒకటి, మమ్మల్ని ఎవరూ లంచం అడగనందుకు ఒకటి, చివరిసారి చూసిన డాక్టరుగారికి ఒకటి.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా మందుల మీదే ఉన్నాడు. నేను బ్లౌజులు కుడతాను, ఇల్లు గడిచేది దానిమీదే. 2024లో ఆంధ్రాలో వికలాంగుల పింఛను ఆరు వేలు అయ్యాక పక్కింటి పిన్నిగారు "మీవాడికీ సదరం చేయించమ్మా" అన్నారు. సదరం అంటే ఆసుపత్రిలో డాక్టరు చూసి, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు సర్టిఫికెట్. కాళ్లూ చేతులూ బాగున్నవాడికి ఎవరిస్తారులే అనుకున్నా. ఇస్తారట. మానసిక అనారోగ్యం 1995 నాటి చట్టంలోనే ఉంది, 2016 చట్టంలోనూ ఉంది. వైకల్యం కనీసం 40 శాతం ఉందని తేలాలి.

మొదటి దెబ్బ స్లాట్ దగ్గరే తగిలింది. బుక్ చేసిన అబ్బాయి 'మెంటల్ ఇల్‌నెస్' బదులు 'మెంటల్ రిటార్డేషన్' నొక్కేశాడు. అంటే బుద్ధిమాంద్యం. మావాడు డిగ్రీ రెండో ఏడు దాకా చదివినవాడు. ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చోబెట్టి "ఇది వేరే లిస్టమ్మా" అని పంపేశారు. బస్సు చార్జీలు పోతే పోయాయి, వాణ్ణి ఇంట్లోంచి కదిలించడానికి పడ్డ పాట్లు ఎవరిస్తారు? స్లాట్ రశీదు చేతికి రాగానే ముందు ఆ ఒక్క గడి చదవండి.

రెండోసారి తప్పు నాదే. తెల్లవారుజామున లేపి, తలంటి పోసి, గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగా. పెళ్లిచూపులకు తీసుకెళ్తున్నట్టు! డాక్టరు అడిగిన పేరు, ఊరు, తేదీ అన్నీ టకటకా చెప్పాడు. నేను మురిసిపోయా. 30 శాతం వేశారు.

ఐడియాస్ అనే కొలమానంతో చూస్తారని తర్వాత తెలిసింది. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని బదులివ్వడం, ఉద్యోగమో పనో చేయడం. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి విడిగా వేస్తారు. మార్కులు పెరిగితే వైకల్యం పెరిగినట్టు, అంటే ఇక్కడ ఫెయిలైతేనే పాస్. అందుకే మొట్టమొదటి ఏడాది మందుల చీటీ కూడా వెతికి తీసుకెళ్లాలి. మాది బియ్యం డబ్బా మీద పాత కవర్లో దొరికింది.

మూడోసారి ఎలా ఉన్నవాణ్ణి అలాగే తీసుకెళ్లా. నటించమని చెప్పలేదు, ముస్తాబు మానేశానంతే. వరండాలో అటెండరు "పిచ్చి కేసులు ఇటు రండి" అని కేకేశాడు. ఒక స్టారు అక్కడే కోసేశా. లోపల డాక్టరుగారు కొత్తాయన. "ఎన్నాళ్లకోసారి స్నానం చేస్తాడమ్మా?" అన్నారు. వాడు పక్కనే కూర్చుని చొక్కా కింది గుండీ తిప్పుతున్నాడు. వాడి ముందు నాకు నోరు రాలేదు. వాడే అన్నాడు, "అక్క చెప్తే చేస్తాను సార్. చెప్పకపోతే గుర్తుండదు." డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి, టీ తాగి రమ్మని వాణ్ణి బయటకు పంపి, మిగతావన్నీ అప్పుడు అడిగారు. 50 శాతం వచ్చింది.

కానీ అది తాత్కాలిక సర్టిఫికెట్. గడువు అయిపోయేలోపు మళ్లీ స్లాట్, మళ్లీ అదే వరండా. పదకొండేళ్ల జబ్బుకి ఇదేం లెక్కో! రెండో స్టారు అందుకే పోయింది.

సర్టిఫికెట్ వచ్చాక పింఛనుకి కరెంటు బిల్లు కూడా చూస్తారు, నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. మిషన్ మోటారు, కూలరు కలిపి మాది 280 దాకా వచ్చి, ఆ వారమంతా టెన్షన్‌తో చచ్చా.

ఒకటో తారీఖున సచివాలయం ఆవిడ ఇంటికొచ్చి, వాడి వేలిముద్ర తీసుకుని డబ్బు చేతికిస్తుంది. మొన్న ఆవిడ వచ్చేసరికి వాడు తనంతట తానే గడ్డం గీసుకుని కూర్చున్నాడు. నేను తేరిపార చూస్తుంటే మెల్లగా అడిగాడు.

"ఈరోజు గీసుకోవచ్చు కదక్కా?"