స్టోనా, స్టౌర్‌హెడ్డా? ఇంగ్లండ్ ఉత్తుత్తి గుళ్లలో ఏది మేలు?

ఇంగ్లండ్ పల్లెసీమలో చెరువు గట్టున గ్రీకు గుడి కనిపిస్తే లోపల దేవుడి కోసం వెతకనక్కర్లేదు. కొండ మీద బురుజు కనిపిస్తే దాని వెనక కోట ఉండాలని లేదు. కూలిపోయిన మఠం కనిపిస్తే అది కూలినట్టుగానే కట్టినదై ఉండవచ్చు. 18వ శతాబ్దంలో డబ్బూ భూమీ పుష్కలంగా ఉన్న దొరలు పోటీలు పడి తమ తోటలను ఇలాంటి ఉత్తుత్తి కట్టడాలతో నింపారు. వీటిని ఫాలీలు అంటారు. అటు కాపురానికీ ఇటు పూజకూ పనికిరావు. దూరం నుంచి చూసి ముచ్చటపడటానికి, నడకలో కాసేపు ఆగి కబుర్లు చెప్పుకోవడానికి పనికొస్తాయి.

దేశమంతటా ఇవి వందల్లో ఉన్నాయి. అయినా అన్నీ ఒకచోట చూడాలంటే ముందు వినిపించేవి మూడు పేర్లు: విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్, బకింగ్‌హామ్‌షైర్‌లో స్టో, సర్రేలో పెయిన్స్‌హిల్. ఒక్క రోజే చేతిలో ఉంటే దేనికి వెళ్లాలి? ఎవరినడిగినా స్టౌర్‌హెడ్ అనే అంటారు. నేను స్టో అంటాను. అయితే స్టౌర్‌హెడ్‌కు దక్కాల్సిన మెప్పు ముందు దక్కనివ్వాలి.

స్టౌర్‌హెడ్‌ను 1717లో కొన్న హోర్ కుటుంబానిది బ్యాంకు వ్యాపారం. 1672లో పెట్టిన ఆ బ్యాంకు ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్ల పిచ్చిలో లండన్‌లో ఎందరో నిలువునా మునిగిపోతే, హోర్ బ్యాంకు లాభంతో బయటపడింది. ఆ ఇంట రెండో హెన్రీ హోర్ 1740లలో తోట పని మొదలుపెట్టాడు. స్టౌర్ నది పుట్టే లోయలో అడ్డుకట్ట వేసి చెరువు చేశాడు. దాని చుట్టూ హెన్రీ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే వాస్తుశిల్పి చేత ఫ్లోరా గుడి, పాంథియన్, అపోలో గుడి కట్టించాడు. రాతి వంతెన వేయించి, ఆ వంతెనా వెనక ఊరూ చర్చీ కలిపి చూస్తే చిత్రకారుడు గాస్పార్ గీసిన ప్రకృతి దృశ్యంలా ఉంటుందని కూతురికి ఉత్తరం రాశాడు. ఆ మాటలో అతిశయం లేదు.

ఇక్కడి నేర్పంతా దాచడంలో ఉంది. ఇంతలో కనిపించిన గుడి నాలుగడుగులు వేస్తే చెట్ల చాటుకు పోతుంది, మరో మలుపులో నీటికి అవతల తేలుతుంది. నడక మధ్యలో గుహ వస్తుంది. రాళ్ల సందులోంచి చీకట్లోకి దిగితే ముందు నీటి చప్పుడు వినిపిస్తుంది. మధ్య గదిలో పైనున్న రంధ్రం గుండా పడే వెలుతురులో, నిద్రపోతున్న జలకన్య బొమ్మ. సీసంతో పోసిన ఆ బొమ్మ కింది నుంచి ఊట నీరు జారి మడుగులో పడుతుంది. అవతలి గూట్లో గడ్డం ఉన్న నదీదేవత ఒక చెయ్యి చాచి, ఇక బయటికి నడవండన్నట్టు దారి చూపిస్తుంటాడు. గోడలో మొరటుగా వదిలిన కిటికీలోంచి చూస్తే చెరువు నీరు, దాని మీదుగా అవతలి ఒడ్డు. లోపలి చీకటికీ బయటి వెలుగుకూ మధ్య తేడా ఒక్క అడుగులో తెలిసేలా కట్టారు. ఇంగ్లండ్‌లో ఇంతకంటే మంచి ఉత్తుత్తి గుహ నాకు తెలియదు.

మరి దీనికి లోటేమిటి? ఫ్లోరా గుడి తలుపు మీద రోమన్ కవి వర్జిల్ కావ్యం ఈనియడ్‌లోని మాట చెక్కి ఉంటుంది: అపవిత్రులారా, దూరంగా పొండి అని. ఇప్పుడు టికెట్టు కొన్నవాళ్లందరినీ రానిస్తున్నారు లెండి. ఈ నడకంతా ఆ కావ్యనాయకుడు ఈనియాస్ ప్రయాణానికి గుర్తని పండితులు కొందరంటారు, కాదని కొందరంటారు. ఆ కథ తెలియని వాళ్లకు, అంటే ఇప్పటి ఇంగ్లీషువాళ్లలో చాలామందికి కూడా, మిగిలేది దృశ్యమే. దృశ్యం గొప్పదే. కానీ ప్రతి కట్టడమూ నన్ను చూడు, నా అందం చూడు అనే అంటుంది. పైగా వసంతంలో జనం ఎగబడి చూసే రోడోడెండ్రాన్ పూలు తర్వాతి తరాల వాళ్లు నాటినవి. హెన్రీ హోర్ కోరుకున్నది ఆకుపచ్చలోని ఛాయలను.

అక్కడి బ్రిస్టల్ క్రాస్ సంగతి వేరు. అది ఉత్తుత్తిది కాదు, బ్రిస్టల్ నగరం నడిబొడ్డున శతాబ్దాలు నిలిచిన అసలు సిసలు మధ్యయుగపు రాతి స్తంభం. దారికి అడ్డమని 1733లో ఊరివాళ్లు పీకేస్తే ముక్కలుగా పడి ఉన్నదాన్ని, 1764లో హోర్ తెచ్చి తోట గుమ్మంలో నిలబెట్టాడు. చుట్టూ ఉన్న కొత్త గుళ్ల మధ్య ఇది నిజంగా పాతది. తోటకు దూరంగా కొండ మీద 1772లో ముగిసిన ఆల్‌ఫ్రెడ్ రాజు బురుజు మరో వింత: మూడు మూలల ఇటుక కట్టడం, 49 మీటర్ల ఎత్తు, 205 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడటం మంచిది.

ఇక స్టో. రిచర్డ్ టెంపుల్ అనే కోబమ్ ప్రభువు సైన్యంలో పేరు తెచ్చుకున్నవాడు, పెద్ద బీరు వ్యాపారి కూతుర్ని పెళ్లాడి డబ్బు తెచ్చుకున్నవాడు. ఇంటిపేరే టెంపుల్ కాబట్టి గుళ్లు కట్టడం ఆయనకు వేడుక. 1733లో ప్రధాని రాబర్ట్ వాల్‌పోల్ తెచ్చిన ఎక్సైజు బిల్లును ఎదిరించాడని ఆయన రెజిమెంటును లాగేసుకున్నారు. మరొకరైతే పార్లమెంటులో అరిచి ఊరుకునేవారు. కోబమ్ తోటలోకి వెళ్లి రాళ్లతో జవాబు చెప్పాడు.

వాస్తుశిల్పి విలియమ్ కెంట్ చేత ప్రాచీన సుగుణాల గుడి అని గుండ్రంగా, చక్కగా ఒకటి కట్టించి, అందులో గ్రీకు ఘనులు హోమర్, సోక్రటీస్, లైకర్గస్, ఎపమినోండస్ విగ్రహాలు పెట్టించాడు. ఆ పక్కనే ఆధునిక సుగుణాల గుడి. అది కట్టినప్పుడే శిథిలం! అందులో తల లేని విగ్రహం ఒకటి. ఆ మొండెం ఎవరిదో ఆనాటి అతిథులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది; వాల్‌పోల్ అని అందరికీ తెలుసు.

ప్రాచీన సుగుణాల గుడి ముందు పల్లంలో సన్నటి వాగు. దాని పేరు స్టిక్స్, గ్రీకుల వైతరణి. వాగుకు అవతల అర్ధచంద్రాకారపు గోడలో 16 గూళ్లు, ఒక్కో గూట్లో ఒక బ్రిటన్ ఘనుడి ప్రతిమ: షేక్‌స్పియర్, మిల్టన్, న్యూటన్, లాక్, ఆల్‌ఫ్రెడ్ రాజు, డ్రేక్, రాలీ వగైరా. ఆడవాళ్లలో ఎలిజబెత్ రాణి ఒక్కతే. వాల్‌పోల్ బిల్లును వ్యతిరేకించిన లండన్ వర్తకుడు జాన్ బర్నార్డ్ అప్పటికి బతికే ఉన్నాడు, అయినా ఆయనకూ గూడు దొరికింది. మధ్యలోని పిరమిడ్ మీద వర్జిల్ పంక్తులు చెక్కించారు. వాటిలో పవిత్రంగా బతికిన పురోహితుల గురించిన పంక్తి ఒక్కటి కావాలనే వదిలేశారు. చర్చి మీద కోబమ్ అభిప్రాయం అంత క్లుప్తంగా చెప్పేశారన్నమాట.

చాలామంది ఇక్కడ ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. గోడ వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ సిన్యోర్ ఫీదో అనే ఇటలీ పెద్దమనిషిని పొగుడుతూ పెద్ద శాసనం ఉంది. మంచి వంశంవాడు, తన దేశస్థుల్లా మమ్మల్ని కరవడానికి కాక నిజాయితీగా బతకడానికి ఇంగ్లండ్ వచ్చాడు, విశ్వాసపాత్రుడు అంటూ సాగుతుంది. చివరి పంక్తికి వస్తే గానీ తెలియదు, అతను మనిషి కాదు, వేటకుక్క అని. ముందు వైపు పదహారుగురి గొప్పలు చదివి వచ్చినవాడికి, రాతి మీది పొగడ్తలను ఎంతవరకు నమ్మాలో వెనక వైపు కుక్క చెబుతోంది. తన గుడిని తానే ఎగతాళి చేసుకునే ఈ ధైర్యం స్టౌర్‌హెడ్‌లో మచ్చుకైనా కనపడదు.

వాస్తుశిల్పి జేమ్స్ గిబ్స్ 1741లో మొదలుపెట్టిన, మధ్యయుగపు చర్చిల తరహా గోథిక్ గుడి ఇంకో చురక. తోటంతా గ్రీకు, రోమన్ గుళ్లతో నింపినవాడే దీనికి ఎర్రటి ఇనుపరాయి వాడి, నేను రోమన్‌ను కానందుకు దేవుళ్లకు కృతజ్ఞతలు అనే ఫ్రెంచి మాట చెక్కించాడు. తమ స్వేచ్ఛకు మూలం రోము కాదు, తమ సొంత పూర్వీకులని చెప్పడమన్నమాట.

స్టోలో మన కృష్ణా తీరానికీ చిన్న వాటా ఉంది. దక్షిణాన కొండ మీద నిలిచిన కొరింథియన్ తోరణాన్ని 1765లో రూపొందించిన థామస్ పిట్, మద్రాసు గవర్నరుగా పనిచేసిన మరో థామస్ పిట్‌కు మునిమనవడు. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే 410 క్యారెట్ల ముడి వజ్రాన్ని ఆ గవర్నరు కొని, కోయించి, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కొల్లూరేమో పులిచింతల నీళ్ల కింద ఉంది. గవర్నరు మనవడు విలియమ్ పిట్ కోబమ్ శిష్యబృందంలో చేరాడు, ఆయన మేనకోడల్ని పెళ్లాడాడు, దేశానికి ప్రధాని అయ్యాడు. తోరణపు రాళ్లు వజ్రం డబ్బుతో కొన్నవని కాదు. ఆ కుటుంబం ఇలాంటి తోటల గుమ్మం తొక్కగలిగింది మాత్రం ఆ వజ్రం చలవతోనే.

స్టోకు లోట్లు లేకపోలేదు. సుమారు 250 ఎకరాల తోట, 40కి పైగా కట్టడాలు. ఒక్క రోజులో తిరిగితే కాళ్లు మొరపెడతాయి. 1848లో వారసుడైన డ్యూక్ అప్పులపాలై ఇంటి సామాను నలభై రోజులు వేలం వేశారు, 1921, 1922లో మిగతావి పోయాయి. అందుకే ఇప్పుడు కనిపించే విగ్రహాల్లో నకళ్లు చాలా ఉన్నాయి. భవనం 1923 నుంచి బడి. ముందుగా కాస్త చదువుకోకుండా వెళితే ఇది విడివిడిగా పడేసిన గుళ్ల గుంపులా అనిపించవచ్చు. స్టౌర్‌హెడ్‌కు ఈ చిక్కు లేదు, కళ్లుంటే చాలు.

పెయిన్స్‌హిల్ గురించి రెండు ముక్కలు. చార్లెస్ హామిల్టన్ 1738 నుంచి 1773 దాకా అప్పులు చేస్తూ పెంచిన తోట ఇది. ఆ అప్పుల్లో హెన్రీ హోర్ ఇచ్చినదీ ఉంది! శిథిల మఠం ఇటుకతో కట్టి గచ్చు పూసింది, రాతిదనిపించే గోథిక్ గుడి చెక్కతో చేసింది, టర్కీ గుడారం ఇటీవల మళ్లీ కట్టిన నకలు. ఏడేళ్లు మాట్లాడకుండా, గోళ్లూ గడ్డమూ తీయకుండా కుటీరంలో ఉంటే 700 పౌండ్లు ఇస్తామని ఒక మునిని జీతానికి పెట్టుకున్నారనీ, మూడు వారాలకే ఆయన సారాయి దుకాణంలో దొరికాడనీ ఒక కథ చెబుతారు. స్ఫటికాలు అతికించిన గుహ మాత్రం పిల్లలను కట్టిపడేస్తుంది. మూడింటిలో లండన్‌కు దగ్గరిది ఇదే కాబట్టి చిన్నపిల్లలుంటే దీనికే వెళ్లండి.

కారులో స్టోన్‌హెంజ్ చూడటానికి వెళ్లేవాళ్లకు అదే రోడ్డు మీద ముందుకు వెళితే స్టౌర్‌హెడ్ వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళితే, చరిత్ర పాఠం వినే ఓపిక లేనివాళ్లతో వెళితే అదే మేలు. ఆకులు రంగు మారే అక్టోబరు చివర అయితే మరీ మంచిది. ఒంటరిగానో, వాదించుకోవడం ఇష్టమైన స్నేహితుడితోనో వెళ్లేటట్టయితే స్టోకే నా ఓటు. స్టోకు దగ్గరి ఊరైన బకింగ్‌హామ్‌కు రైలు లేదు. మిల్టన్ కీన్స్ దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. ఊరు దాటాక తోరణం వైపు నిటారుగా సాగే పాత రాచబాట ఉంది, ఓపిక ఉంటే అది నడవండి. గోథిక్ గుడిని, పాత కట్టడాలను కాపాడే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ సెలవు రోజులకు అద్దెకిస్తుంది గానీ చాలా ముందుగా మాట్లాడుకోవాలి.