ఇంగ్లిష్ పరీక్షించుకోవడానికి ఏది మేలు: ఆన్‌లైన్ క్విజ్జా, డిక్టేషనా, సొంత పేరానా?

సాయంత్రాలు మా ఇంటి దగ్గర డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. పోయిన వేసవిలో ఒక కుర్రాడు గుమ్మంలోంచే ఫోన్ చూపిస్తూ, "మేడమ్, 25కి 23 వచ్చాయి!" అన్నాడు. ఆన్‌లైన్ గ్రామర్ క్విజ్. నిజంగా కష్టపడి తెచ్చుకున్న మార్కులే, నాకూ సంతోషమేసింది. వారం తిరక్కుండానే క్లాసుకు రాలేనని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్." చిన్నప్పుడు మనమంతా బట్టీపట్టిన లీవ్ లెటరే. కాకపోతే ఆ 25 ప్రశ్నల్లో ‘సిన్స్’ పెట్టాలా ‘ఫర్’ పెట్టాలా అన్నదీ ఒకటి ఉంది. దానికి అతను సరిగ్గానే జవాబు పెట్టాడు.

ఆ పిల్లవాడికి రూల్ తెలియదని అనలేం. తెలుసు. మరి రాసేటప్పుడు ఎందుకు రాలేదు? ఆ రోజు నుంచి క్విజ్, డిక్టేషన్, సొంతంగా రాసి దిద్దించుకోవడం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మూడూ పరీక్షలే, కానీ మూడూ ఒకే సంగతిని పరీక్షించవు.

క్విజ్‌కి ఉన్న బలం

ముందు క్విజ్ గొప్పతనం ఒప్పుకోవాలి. డబ్బు అడగదు, ఎవరి ముందూ సిగ్గుపడాల్సిన పని లేదు, జవాబు అప్పటికప్పుడే తెలుస్తుంది. కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ సైట్‌లో 25 ప్రశ్నల ఉచిత పరీక్ష ఉంది. బ్రిటిష్ కౌన్సిల్ లెర్న్ఇంగ్లిష్‌లోనూ లెవెల్ టెస్ట్ ఉంది. ఏ1 నుంచి సి2 దాకా యూరప్ వాళ్లు పెట్టుకున్న 6 మెట్లలో మనం సుమారుగా ఎక్కడున్నామో ఇవి చెబుతాయి. పల్లెటూళ్లో చదువుకుని, సందేహం అడగడానికి ఎవరూ లేని పిల్లకు ఇది చిన్న సాయం కాదు.

ఇంకో మేలు కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. సొంతంగా రాసేటప్పుడు మనకు రాని చోట్ల నుంచి తప్పించుకుంటాం. స్పెల్లింగ్ మీద అనుమానం ఉన్న పదాన్ని వదిలేసి తేలికైనది వాడతాం. ‘హ్యాడ్ ఐ నోన్’ లాంటి వాక్యం జోలికే పోము. క్విజ్ అలా తప్పించుకోనివ్వదు. మనం తొక్కని దారిలోకి లాక్కెళ్లి నిలబెడుతుంది. మన అజ్ఞానం ఎంతవరకు పరుచుకుందో కొలవడానికి క్విజ్‌ను మించింది లేదు.

అదే క్విజ్ ఎక్కడ మోసపుచ్చుతుంది

నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు 25 ఉంటే, కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా సగటున ఆరు తగులుతాయి. ఇది అందరికీ తెలిసిందే. అసలు చిక్కు వేరే ఉంది. క్విజ్‌లో తప్పు జరిగే చోటును ప్రశ్న తయారుచేసినవాళ్లే ఖాళీ గీసి చూపిస్తారు. ‘ఇక్కడ జాగ్రత్త’ అని బోర్డు పెట్టినట్టే. మనం రాసే వాక్యంలో ఆ బోర్డు ఉండదు.

‘మూడు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నాను’ అన్న మన వాక్యాన్నే తీసుకోండి. తెలుగులో ‘మూడు రోజుల నుంచి’ అన్నా, ‘సోమవారం నుంచి’ అన్నా ఒకటే ‘నుంచి’. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ‘ఫర్’, రెండోదానికి ‘సిన్స్’. పైగా ‘బాధపడుతున్నాను’ అన్న మన క్రియ నేరుగా ‘ఐ యామ్ సఫరింగ్’ అయి కూర్చుంటుంది. అక్కడ రావాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ సఫరింగ్’. ఒకే వాక్యంలో రెండు గోతులున్నాయన్నమాట. క్విజ్‌లో ఒక గొయ్యి చూపించి, రెండోదాన్ని వాళ్లే పూడ్చి ఇస్తారు.

మన తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా తెలుగు వాక్యంలోంచి నడిచొచ్చినవే. ‘దాని గురించి చర్చించాం’ కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’, అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘తిరిగి వచ్చాడు’ కాబట్టి ‘రిటర్న్‌డ్ బ్యాక్’, ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘ఇద్దరు అన్నలున్నారు’ అనేది ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అవుతుంది, ‘ఐ హ్యావ్’ అంటే చాలు. మన భాషలో ‘ఏ, యాన్, ది’ అన్నవే లేవు. ‘ఒక’ ఉంది గానీ దాని పని వేరు. అందుకే ఆర్టికల్ దగ్గర ఖాళీ గీసి అడిగితే చెప్పగలం, ఖాళీ లేనిచోట అక్కడొకటి ఉండాలన్న తలంపే రాదు. ప్రపంచమంతటి కోసం తయారైన క్విజ్‌కి తెలుగువాడి గోతులు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

స్పెల్లింగ్ క్విజ్ విషయంలో నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. ‘కింది వాటిలో సరైన స్పెల్లింగ్ ఏది’ అని ఒక ఒప్పు పక్కన మూడు తప్పులు పెడతారు. ఆ మూడూ కంట్లో పడిపోతాయి. తప్పు స్పెల్లింగులు చదివినవాళ్లు తర్వాత అవే పదాలు రాయబోతే ఎక్కువ తడబడ్డారని లారీ జాకబీ, ఆన్ హాలింగ్స్‌హెడ్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. 40 పేపర్లు దిద్దాక ‘రిసీవ్’లో ‘ఈ’ ముందా ‘ఐ’ ముందా అని ఒక్క క్షణం ఆగని టీచర్ ఉండరు.

క్విజ్ తయారుచేసినవాళ్లు అన్నిసార్లూ సరిగ్గా ఉంటారనీ లేదు. అమెరికా సైట్లు ‘కలర్’లో ‘యు’ రాస్తే తప్పంటాయి, మన బళ్లో నేర్పింది ఆ ‘యు’తోనే. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదు, ‘టు’కీ క్రియకీ మధ్య ఇంకో మాట దూరకూడదు లాంటి పాత పట్టింపులను ఇంకా రూల్స్‌గా అడిగే క్విజ్‌లున్నాయి. మంచి ఇంగ్లిష్ రచయితలు వాటిని ఏనాడూ లెక్కచేయలేదు. జవాబు ఎందుకు తప్పో వివరించని క్విజ్‌ను మా పిల్లలకు నేను చెప్పను.

డిక్టేషన్: పాతదే, కానీ

శనివారం పది మాటల డిక్టేషన్, తప్పు రాస్తే ఒక్కో మాటకు పదిసార్లు ఇంపొజిషన్. ఆ ఇంపొజిషన్ మీద నాకు ప్రేమ లేదు. డిక్టేషన్ మీద మాత్రం ఉంది. ఎందుకో చెప్పాలంటే మన చెవి సంగతి చెప్పాలి.

తెలుగులో వినిపించిందే రాస్తాం. ‘అన్నం’ అన్నప్పుడు ఒత్తు చెవికి తగులుతుంది, కాబట్టి చేతికీ వస్తుంది. ఇంగ్లిష్‌లో జంట అక్షరం చెవికి ఆనదు. ‘అకామడేషన్’లో రెండు ‘సి’లు, రెండు ‘ఎమ్’లు ఉన్నాయని ఏ చెవీ చెప్పదు. ‘అకరెన్స్’లో రెండు ‘సి’లు, రెండు ‘ఆర్’లు. ‘కమిటీ’ మరీ ఘోరం, ‘ఎమ్’, ‘టి’, ‘ఈ’ మూడూ జంటలే. ‘గ్రామర్’ అన్న మాటనే చివర ‘ఈ ఆర్’తో రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అక్కడ ఉండాల్సింది ‘ఏ ఆర్’. నాలుగు ఆప్షన్లు చూపిస్తే వీటిని కన్ను పట్టేస్తుంది. తెల్లకాగితం మీద వినగానే రాయమంటే నిజం బయటపడుతుంది.

ఇక్కడ మన ఉచ్చారణ గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి. మనం ‘ఫిబ్రవరి’ అంటాం. ఇంగ్లిష్‌వాళ్లలో చాలామంది మింగేసే మొదటి ‘ఆర్’ మన నోట్లో భద్రంగా ఉంది. ‘గవర్నమెంట్’లో ‘ఎన్’ను మనం పలుకుతాం. ‘సెపరేట్’ను తెలుగులో రాస్తే ‘ప’ కనిపిస్తుంది, ‘పె’ కాదు. అక్కడ ‘ఏ’ రాయాలని అదే గుర్తు. తెలుగు యాస ఇంగ్లిష్‌కు అడ్డమని పిల్లల్ని కుంగదీస్తారు గానీ, స్పెల్లింగ్ దగ్గర ఆ యాసే ఎన్నోసార్లు చేయూతనిస్తుంది.

అమెరికాలో పిల్లలకు జరిపే స్పెల్లింగ్ పోటీ స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ స్పెల్లింగ్ రౌండ్లలోనూ జరిగేది ఇదే. మాట వినిపిస్తారు, అర్థమూ ఏ భాషనుంచి వచ్చిందో అడగనిస్తారు. ఆప్షన్లు ఉండవు. 2024లో తెలుగు మూలాలున్న బృహత్ సోమ టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 పదాలకు సరిగ్గా స్పెల్లింగ్ చెప్పి గెలిచాడు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలో ఒక వాక్యాన్ని ఒక్కసారే వినిపించి టైప్ చేయమంటారు, అదీ డిక్టేషనే. అలాంటిదే ఐఈఎల్‌టీఎస్, దాని లిజనింగ్‌లో జవాబు తెలిసినా స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది.

అందుకే నేను విడి మాటలు కాదు, వాక్యాలు చెప్పి రాయిస్తాను. వాక్యం విని రాసేటప్పుడు ‘ది’, బహువచనపు ‘ఎస్’, భూతకాలపు ‘ఈడీ’ జారిపోతాయి. స్పెల్లింగ్ కోసం పెట్టిన పరీక్షలో గ్రామర్ కూడా దొరికిపోతుంది. చెప్పేవాళ్లు లేకపోతే రాత్రి పది వాక్యాలు ఫోన్‌లో చదివి రికార్డ్ చేసుకుని, మర్నాడు విని రాయండి. ఇందులోనూ లోపం ఉంది. వాక్యం ఎవరిదో కాబట్టి, దాన్ని అల్లే పని మనకు పడదు.

సొంత పేరా: కష్టమైనది, నిజమైనది

అల్లే పని ఇక్కడే ఉంది. నిన్న ఏం జరిగిందో పది వాక్యాలు రాయమంటే గ్రామర్, స్పెల్లింగ్, మాటల ఎంపిక అన్నీ ఒకేసారి బరిలోకి దిగుతాయి. ‘మూడు రోజుల నుంచి’ దగ్గర ఎవరూ ఖాళీ గీయరు. కొలవాల్సిన ఇంగ్లిష్ అదే కదా, ఉద్యోగంలో మెయిల్‌కి కావాల్సింది అదే.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, చదివి పక్కనపెట్టి గుర్తున్నది రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. లోపలి నుంచి తోడి రాసింది నిలుస్తుందన్నది నా తరగతిలో నేను రోజూ చూసేదే.

సమస్య దిద్దేవాళ్లది. మంచి లెక్చరర్‌కి కూడా 30 మంది పేరాలు దిద్దే తీరిక ఉండదు. స్పెల్‌చెక్ ఎర్రగీత కొంత సాయం చేస్తుంది, కానీ ‘పోగొట్టుకోవడం’ అనే ఒక ‘ఓ’ ఉన్న ‘లూజ్’ రాయబోయి ‘వదులు’ అనే రెండు ‘ఓ’ల ‘లూజ్’ రాస్తే చాలాసార్లు చూస్తూ ఊరుకుంటుంది. రెండూ సరైన మాటలే మరి. ఇప్పుడు ఏఐ టూల్స్ ఉన్నాయి. వాటికి పేరా ఇచ్చి ‘బాగుచెయ్యి’ అంటే మొత్తం తిరగరాసి పట్టుచీర కట్టి పంపుతాయి, మన తప్పు ఏదో మనకు తెలియకుండా పోతుంది. అలా అడగొద్దు. ‘తప్పున్న వాక్యాల నంబర్లు మాత్రం చెప్పు, సరైన రూపం చెప్పకు’ అనండి. దిద్దే పని మీరే చేయండి.

మరి ఎవరికి ఏది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష రాసేవాళ్లకు క్విజ్ వదలమని చెప్పను. దాని మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలకు 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. పరీక్షే ఆప్షన్ల రూపంలో ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని అదే ఆట ఆడాలి. బ్యాంకు పీవో మెయిన్స్‌లో మాత్రం సొంతంగా రాయాల్సిన డిస్క్రిప్టివ్ పేపరు కూడా ఉంటుంది, క్విజ్‌లతోనే గడిపినవాళ్ల చెయ్యి అక్కడ ఆగిపోతుంది. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఒక గంటలో 150 మాటలొకటి, 250 మాటలొకటి రాయాలి. కంప్యూటర్‌లో రాసినా స్పెల్‌చెక్ ఉండదు. వాళ్లకు డిక్టేషన్, పేరా రెండూ రోజువారీ తిండి కావాలి.

పరీక్షల గొడవ లేకుండా, నా ఇంగ్లిష్ ఎంత బాగుందో తెలుసుకోవాలనుకునే వాళ్లకు నా ఓటు పేరాకే. స్పెల్లింగ్ ఒక్కదానికే అయితే డిక్టేషన్. క్విజ్‌ను నెలకోసారి, మనకు తెలియనివి ఏమున్నాయో వెతకడానికి వాడుకుంటే చాలు. ఆప్షన్లను అరచేత్తో మూసి, జవాబు కాగితం మీద రాసి, ఆ తర్వాతే చెయ్యి తీయండి. అదే క్విజ్ రెండింతలు కష్టమవుతుంది, రెండింతలు నిజం చెబుతుంది.

ఆ కుర్రాడితో అదే చేయిస్తున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని చేసిన మొదటిరోజు 25కి 14 వచ్చాయి. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పోయిన 9 ఎక్కడికి పోలేదు నాన్నా, ఇన్నాళ్లూ ఆప్షన్లు మోశాయి" అన్నాను. నోట్‌బుక్‌లో ఒక పేజీకి నిలువుగా గీత గీసి, ఎడమవైపు తాను రాసిన తెలుగు నడక వాక్యం, కుడివైపు దిద్దిన వాక్యం రాసుకుంటున్నాడు. ‘సిన్స్’ ఆ పేజీలో ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. దసరా సెలవుల ముందు ఊరెళ్తున్నానని పెట్టిన మెసేజ్‌లో ‘ఫర్ ఫైవ్ డేస్’ అని ఉంది. ‘రిటర్న్ బ్యాక్’ మాత్రం అలాగే ఉంది.